డిసెంబర్‌లో ఒక మచ్చ, ఏప్రిల్‌లో ఒక మచ్చ: కర్నూలు ఎండల్లో ఒకే పేషెంట్ కేసు

కర్నూల్లో స్కిన్ డాక్టర్‌గా కూర్చుంటే పుట్టుమచ్చ తీయించుకోడానికి వచ్చేవాళ్ళు అడిగేవి రెండే, ఎంతవుతుంది సార్ అని ఒకటి, ఇప్పుడు ఎండలు కదా చలికాలంలో తీయించుకుంటే మేలా అని ఇంకొకటి. రెండోదానికి నేను చాలా ఏళ్ళు పెద్దగా ఆలోచించకుండానే ఒకటే జవాబు చెప్పేవాణ్ణి, డిసెంబర్‌లో రండి అని. మేం చదువుకున్నప్పుడు అదే చెప్పారు, సీనియర్లు అదే చేసేవాళ్ళు, వినేవాళ్ళకీ అదే సబబుగా అనిపిస్తుంది. ఆ జవాబు నేను మార్చుకునేలా చేసిన కేసు ఇది. పేషెంట్ ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టేలా ఉండే వివరాలు కొన్ని మార్చా.

ఆమె వయసు ముప్పైకి దగ్గర, డోన్ వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో పీఈటీ, అంటే ఆటల టీచర్. కుడి బుగ్గ మీద 5 మిల్లీమీటర్ల మచ్చ, గుండ్రంగా బొడిపెలాగా పైకి లేచి ఉంది, మధ్యలో రెండు వెంట్రుకలు. ఎడమ దవడ మీద అలాంటిదే ఇంకొకటి, కొంచెం చిన్నది, 4 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండూ చిన్నప్పటినుంచీ ఉన్నవే, కాలేజీ రోజుల్లో కాస్త పైకి లేచాయంట. రంగు ఒకేలా ఉంది, అంచులు నీట్‌గా ఉన్నాయి, రక్తం రావడం, దురద, ఈమధ్య పెరగడం లాంటివేం లేవు, మచ్చని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ పెట్టి చూసినా అనుమానించాల్సింది కనపడలేదు. చామనఛాయ కంటే ఒక మెట్టు ముదురు రంగు, మేం టైప్ 5 అంటాం, అంటే ఎక్కడ దెబ్బ తగిలినా గాయం మానాక అక్కడ నల్లగా నిలిచిపోయే స్కిన్. మోకాలి మీద పాత దెబ్బల గుర్తులు చూపించమన్నా, అన్నీ నల్లగానే ఉన్నాయి. ఈ మోకాలి పరీక్ష నాకు చాలా ఇష్టం, ఖర్చు లేదు, మిషన్ అక్కర్లేదు, పేషెంట్ చర్మం రేపు ఏం చేయబోతుందో నిన్నటి గాయాలే చెప్పేస్తాయి. ఛాతీ మీద, చెవి కుట్టిన చోట కీలాయిడ్, అంటే గాయం మానాక గడ్డలా ఉబ్బిపోయే మచ్చ, ఉందేమో కూడా చూశా, లేదు.

ఆమె భయం ఇవేవీ కాదు. టెన్త్ మెమోలో ఐడెంటిఫికేషన్ మార్క్స్ దగ్గర కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ అని రాసుంది, రేపు డీఎస్సీ వస్తే సర్టిఫికెట్ వెరిఫికేషన్లో మచ్చ ఏదమ్మా అంటే ఏం చూపించాలి సార్ అని. మన రాష్ట్రంలో ఈ ప్రశ్న అడగని పేషెంట్ ఉండరేమో. ఆమెకి రెండో గుర్తు మోచేతి మీద ఉంది, దాన్ని ముట్టుకోవట్లేదు, పైగా ఏ తేదీన ఏ మచ్చ తీశామో లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇస్తా, బయాప్సీ రిపోర్టుతో కలిపి దాచుకో అని చెప్పా. వెంట వచ్చిన అత్తగారికి ఇంకో బాధ, కుడి బుగ్గ మీద మచ్చ అదృష్టం కదా అని. నేను మచ్చల శాస్త్రం జోలికి పోను, అత్తాకోడళ్ళ మధ్యకి అసలే పోను.

ఆమె మొదట వచ్చింది ఆగస్టులో. నేను మామూలు జవాబే చెప్పా, ఎండలు తగ్గనీ, డిసెంబర్‌లో రా అని. చెప్పినట్టే డిసెంబర్ రెండో శనివారం సెలవు చూసుకుని వచ్చింది. బుగ్గ మీదది మాత్రమే తీద్దాం, ఎలా మానుతుందో చూసి రెండోది చూద్దాం అనుకున్నాం. తిమ్మిరెక్కడానికి లిగ్నోకేన్ ఇంజెక్షన్ ఇచ్చి బ్లేడుతో పైపైన చెక్కి, ఆ ముక్కని ఫార్మలిన్ డబ్బాలో వేసి ల్యాబ్‌కి పంపి, అడుగున మిగిలింది రేడియో ఫ్రీక్వెన్సీ కాటరీతో, అంటే కరెంటు వేడితో కాల్చే పరికరంతో, చదును చేశా. పది నిమిషాల పని. ముక్క పంపడం గురించి ఒక్క మాట: మచ్చని మొత్తం కాల్చేసి పొగ చేసేస్తే పరీక్షకి ఏమీ మిగలదు, అందుకే లేజర్ కావాలి సార్ అని వచ్చేవాళ్ళకి కూడా ముందు బ్లేడే అంటా. రిపోర్టు ఇంట్రాడెర్మల్ నీవస్ అని వచ్చింది, మామూలు మచ్చే. వారం తర్వాత చూస్తే గాయం చక్కగా మూసుకుపోయి గులాబీ రంగులో ఉంది. సన్‌స్క్రీన్ రాసిచ్చా, ఎండలో తిరక్కు అని చెప్పా, ఆమె తలూపింది, నేను కేస్ షీట్‌లో అడ్వైజ్డ్ అని రాసుకున్నా.

సంక్రాంతి అయిపోయాక వచ్చింది. "మచ్చ తీయిస్తే మరక పెట్టిచ్చినారు సార్" అంది, కోపంగా కాదు, నవ్వుతూనే, అదే ఎక్కువ గుచ్చుకుంది నాకు. 5 మిల్లీమీటర్ల మచ్చ పోయిన చోట దాదాపు సెంటీమీటరు వెడల్పున కాఫీ పొడి రంగు మరక. ఇన్‌ఫ్లమేషన్ తర్వాత వచ్చే పిగ్మెంటేషన్, అంటే గాయం రేగిన చోట చర్మం నల్లబడటం, పేరు పెట్టడం నాకు కష్టం కాలేదు, ఎందుకొచ్చిందో అర్థం చేసుకోడానికే టైం పట్టింది. చలికాలం, టెంపరేచర్ ముప్పై చుట్టూ, చెమట లేదు, ఇన్ఫెక్షన్ రాలేదు, అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాం కదా.

అప్పుడు అడిగా, నిజానికి ఆగస్టులోనే అడగాల్సింది, ఈ నెలరోజులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశావమ్మా అని. పీఈటీకి డిసెంబర్, జనవరి అంటే అసలు సీజనే అదంట. స్కూల్ స్పోర్ట్స్ మీట్, మండలం ఆటలు, జిల్లా సెలెక్షన్లు, జనవరి 26 పెరేడ్ ప్రాక్టీసు. పొద్దున తొమ్మిదికి గ్రౌండ్లోకి దిగితే మధ్యాహ్నం దాకా అక్కడే. క్యాప్ పెట్టుకున్నా సార్ అంది, క్యాప్ అంచు నుదుటికి, ముక్కుకి నీడనిస్తుంది, బుగ్గకి ఎంత ఇస్తుందో మీరే అద్దంలో చూసుకోండి. సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి, బఠాణీ గింజంత. 50 గ్రాముల ట్యూబ్ నెల దాటినా సగం కూడా అవ్వలేదు. ముఖానికీ మెడకీ రెండు వేళ్ళ పొడవున తీసుకుని రోజుకి రెండుసార్లు రాస్తే ఆ ట్యూబ్ మూడు వారాలు రావడమే ఎక్కువ, కాబట్టి ట్యూబ్ మూడు నెలలు వచ్చిందని ఎవరైనా సంతోషంగా చెప్తే వాళ్ళు సన్‌స్క్రీన్ వాడట్లేదు, వాసన చూస్తున్నారు అంతే. మధ్యలో మెడికల్ షాపులో ఏదో తెల్లబడే క్రీమ్ కూడా ఇచ్చారంట, వారం రోజులు రాసింది, ట్యూబ్ తెప్పించి చూస్తే స్టెరాయిడ్ కలిపింది. అది ఆపించా.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. చలిని చూసి ఎండ లేదనుకున్నా. మనకి వేడి తెలుస్తుంది, అల్ట్రావయొలెట్ తెలీదు, ఒంటికి చల్లగా ఉంది కాబట్టి ఎండ మెత్తబడింది అనుకుంటాం. కర్నూలు ఉన్నది దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏడాదిలో సూర్యుడు అన్నిరోజులకంటే కిందికి దిగే డిసెంబర్ 21న కూడా మధ్యాహ్నం పన్నెండుంబావుకి మన ఊళ్ళో సూర్యుడు యాభై డిగ్రీల పైన ఉంటాడు, అంటే 5 అడుగుల 4 అంగుళాల మనిషి ఎండలో నిలబడితే నీడ నాలుగున్నర అడుగులు కూడా రాదు. నీడ మనకంటే పొట్టిగా ఉందంటే ఆ ఎండలో అల్ట్రావయొలెట్ గట్టిగానే ఉందని లెక్క, ఇది చిన్నపిల్లలకి కూడా నేర్పొచ్చు. లండన్లోనో ఢిల్లీలో పొగమంచు రోజునో చలికాలం అంటే వేరు, మన చలికాలం పేరుకే, పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నం మాడు కాలుతుంది. పైగా నేను ఆమెని వెనక్కి పంపింది ఆగస్టులో కదా, సూర్యుడు కర్నూలుకి నిట్టనిలువుగా నెత్తిమీదకి వచ్చేది ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 9 ప్రాంతంలో ఇంకోసారి. ఆగస్టులో మబ్బులుంటాయి, చల్లగా ఉంటుంది, కానీ పల్చటి మబ్బుల్లోంచి అల్ట్రావయొలెట్ చాలావరకు దిగిపోతుంది. వానాకాలంలో కొడుక్కి మచ్చ తీయించి, గొడుగు పట్టుకోలేదు సార్ మబ్బే కదా అనే అమ్మలు నాకు ఏటా కనపడతారు.

మరక సంగతి చెప్పి ముందుకి పోతా. రాత్రిపూట మరక తగ్గించే అజిలైక్ యాసిడ్ క్రీమ్, పగలు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్, ఎందుకంటే మనలాంటి రంగు చర్మాన్ని అల్ట్రావయొలెట్టే కాదు, కంటికి కనపడే వెలుతురు కూడా నల్లబరుస్తుంది, తెల్లటి మామూలు సన్‌స్క్రీన్ దాన్ని సరిగ్గా ఆపదు. గీకడం, మందు రాసి పైపొర ఊడదీసే పీల్స్ ఏవీ పెట్టలేదు. పూర్తిగా కలిసిపోడానికి ఆరు నెలలు పైనే పట్టింది.

ఏప్రిల్లో మరక ఇంకా సగం ఉండగానే దవడ మీద మచ్చ తీసేయండి సార్ అంటూ వచ్చింది. నాకు గుండెల్లో రాయి పడింది, బయట 42 ఉంది, రాబోయేది మే, ఆ తర్వాత రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. వద్దమ్మా మళ్ళీ డిసెంబర్ దాకా ఆగు అన్నా. ఆమె అన్న మాట యథాతథంగా రాస్తా: "డిసెంబర్లో నేను ఎండలో ఉంటా సార్, ఎండాకాలంలో ఇంట్లో ఉంటా."

ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో నాకు తట్టని ముక్క అది. స్కూళ్ళకి ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు, దాదాపు ఏడు వారాలు. మచ్చ తీసిన చోట పైచర్మం మూసుకోడానికి పది రోజులు చాలు, కానీ ఆ కొత్త చర్మం రెచ్చగొడితే నల్లబడే ప్రమాదం ఎక్కువుండేది మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆమె ఏడాది మొత్తంలో ఏడు వారాలు వరసగా నీడపట్టున ఉండే కాలం ఏదంటే మే నెలే. నేను కర్నూలు కాలెండర్ చూస్తున్నా, ఆమె తన కాలెండర్ చూస్తోంది.

సరే అన్నా, కానీ వేసవికి వేసవి కష్టాలు ఉన్నాయి, చెమట, చెమటకాయలు, ఇన్ఫెక్షన్, వాటికి వేరే ప్లాన్ వేశాం. లాస్ట్ వర్కింగ్ డే మర్నాడే, పొద్దున ఎనిమిదింటికి పెట్టా, పది లోపల బస్సెక్కి ఇంటికి చేరిపోయేలాగా. ఈసారి బ్లేడు పని ఎక్కువ, కాటరీ తక్కువ పవర్లో తక్కువసేపు వాడా, రక్తం ఆపేంత వరకే, ఎందుకంటే మనం పెట్టే వేడి కూడా చర్మానికి దెబ్బే. ప్లాస్టర్ అంటించలేదు. మే నెలలో ముఖం మీద ప్లాస్టర్ వేస్తే లోపల చెమట ఊరి చర్మం తెల్లగా నానిపోతుంది, చుట్టూ పొక్కులు లేస్తాయి. దానికి బదులు రోజుకి మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి, తడి అద్ది, తెల్ల వాజలిన్ పల్చగా రాసుకోమన్నా. గాయం ఎండిపోవాలి అని మనవాళ్ళకి ఒక నమ్మకం, గాలికి వదిలేసి పక్కు కట్టించి ఆ పక్కు గోటితో లేపుతారు, అక్కడే మరకకి పునాది పడేది. గాయం తేమగా ఉంటేనే త్వరగా, నున్నగా మానుతుంది. పసుపు, సున్నం ఏవీ వద్దు అని అత్తగారికి కూడా వినపడేలా చెప్పా. సున్నం సోడా కలిపి మచ్చ మీద పెట్టుకుని బుగ్గకి గుంటపడి వచ్చినవాళ్ళనీ, నల్లజీడి రసం అంటించి ముఖమంతా బొబ్బలెక్కి వచ్చినవాళ్ళనీ చూశా, అవి ఏ సీజన్లో పెట్టినా అంతే.

ఇంట్లో ఉంటా అంది కదా అని వదల్లేదు, ఈసారి నేను నేర్చుకున్నా. ఇంట్లో అంటే ఇంట్లో ఎక్కడ? మేలో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఉండేది మిద్దె మీదనే. వడియాలు పెట్టాలి, మిరపకాయలు ఎండబెట్టాలి, చింతపండు, ఆవకాయకి కారం. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మిద్దె మీద వడియాలు పెడితే స్పోర్ట్స్ మీట్‌కి పోయినట్టే. అత్తగారు నావైపు ఒక చూపు చూసి, "పోనీలే సారూ, ఈ తూరి మిద్దె పని నేనే చేసుకుంటాలే" అంది. ఈ కేసులో నా కాటరీ కంటే ఆ మాట ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. కారం కలిపేటప్పుడు మాత్రం ఆ గదిలోకే పోవద్దని చెప్పా, పచ్చి గాయం మీద మిరప్పొడి పడితే ఆ మంటకి చెయ్యి దానంతటదే పోతుంది రుద్దడానికి.

ఐదో రోజు ఫోన్లో ఫోటో పెట్టింది, చుట్టూ ఎర్రగా ఉందని. ఇన్ఫెక్షన్ అనుకుని రమ్మన్నా. నొప్పి లేదు, చీము లేదు, ముట్టుకుంటే వేడి లేదు, వాజలిన్ ఎక్కువ దట్టించేసి పైన మాస్క్ వేసుకుని బంధువుల పెళ్ళికి పోయొచ్చింది, అంతే, చెమటకాయలు. మాస్క్ తీసేయించి వాజలిన్ తగ్గిస్తే రెండ్రోజుల్లో సర్దుకుంది. మాస్క్ నేనే చెప్పా ఎండలోకి పోతే వేసుకో అని, ఇంట్లో, ఆటోలో, పెళ్ళిలో మొత్తం వేసుకునే ఉంటుందని అనుకోలేదు. పన్నెండో రోజు నుంచి సన్‌స్క్రీన్ మొదలు, దానికి ముందు పచ్చి గాయం మీద వద్దన్నా.

స్కూల్ తెరిచేనాటికి లేత గులాబీ చుక్క. వినాయక చవితి అప్పటికి వెతికితే తప్ప కనపడదు, చుట్టూ చర్మం కంటే అరపిసరు తెల్లగా, చర్మం లెవెల్లోనే ఉంది, మరక లేదు. రిపోర్టు ఇదీ ఇంట్రాడెర్మల్ నీవసే. బుగ్గ మీద మాత్రం ఒక వెంట్రుక మళ్ళీ మొలిచింది, పైపైన చెక్కినప్పుడు వేరు లోపల ఉండిపోతుంది, ముందే చెప్పా కాబట్టి గొడవ లేదు.

ఇప్పుడు ఇది చదివి ఎండాకాలమే బెస్ట్ అంటున్నాడు డాక్టర్ అని మీవాళ్ళకి చెప్పకండి. ఒక్క మనిషి, రెండు మచ్చలు, దీన్నుంచి రూల్ తీయలేం. రెండోసారి కాటరీ తక్కువ వాడా, మచ్చ కొంచెం చిన్నది, దవడ కిందివైపు కాబట్టి బుగ్గంత ఎండ తగలదు, స్టెరాయిడ్ క్రీమ్ లేదు, అన్నిటికంటే ఒకసారి మరక చూసిన మనిషి రెండోసారి సన్‌స్క్రీన్ నిజంగా రాస్తుంది. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. కానీ ఒకటి మాత్రం మార్చుకున్నా, ఏ నెలలో వస్తారు అని అడగడం మానేసి, తీసిన తర్వాత రెండు నెలలు మధ్యాహ్నం పన్నెండింటికి మీరు ఎక్కడ ఉంటారు అని అడుగుతున్నా. జవాబులు వింటుంటే ఒక్కొక్కరికి ఒక్కో సీజన్ వస్తుంది. ఇంటర్ పిల్లలకి మార్చి పరీక్షలు అయిపోయాక, క్రికెట్ ఆడం అని ఒట్టేస్తేనే. బ్యాంకులో కూర్చునేవాళ్ళకి, బండికి బదులు బస్సులో పోయేవాళ్ళకి, నఖాబ్ వేసుకునే అక్కాచెల్లెళ్ళకి సీజన్ గోల చాలా తక్కువ. ఆర్టీసీ డ్రైవర్లకి కుడి బుగ్గ ఏడాదంతా కిటికీ వైపే, అక్కడ లీవే సీజన్. పెళ్ళి ఉన్నవాళ్ళు మాత్రం ముహూర్తానికి మూడు నెలలు ముందు రావాలి, మాఘమాసం పెళ్ళి అయితే దీపావళి లోపల, పెళ్ళిచూపులకి పదిరోజులుంది సార్ అంటే నేను ముట్టుకోను, మచ్చతో కుదరాల్సిన సంబంధం మరకతో కుదరదు.

ఈ లెక్కలన్నీ మామూలు మచ్చలకి. ఉన్నట్టుండి పెరిగేది, రంగులు కలగాపులగంగా మారేది, ఒక పక్క ఒకలాగా ఇంకో పక్క ఇంకోలాగా ఉండేది, దానంతటదే రక్తం వచ్చేది, మానని పుండు, ముఖ్యంగా అరికాల్లో, అరచేతిలో, గోరు కింద నల్లగా కొత్తగా వచ్చేది, ఇలాంటివాటికి సీజన్ చూడొద్దు. మనవాళ్ళలో మెలనోమా, అంటే నల్లమచ్చలా వచ్చే చర్మ క్యాన్సర్, అరుదే, కానీ వచ్చినప్పుడు ఎక్కువగా అరికాలు, గోళ్ళ దగ్గరే వస్తుంది, ముల్లు గుచ్చుకుంది అనుకుని నెలలు గడిపేస్తారు. మే నెలైనా, అమావాస్యైనా, ఆరోజే రండి.

మొన్న ఆమె భర్తని తీసుకొచ్చింది. రైతు, కంది, పత్తి. వీపు మీద పెద్ద మచ్చ, మందు కొట్టే స్ప్రే ట్యాంకు బెల్టు సరిగ్గా దానిమీదే రాసుకుని రక్తం వస్తోంది. రాపిడి వల్లే అని తెలుస్తూనే ఉన్నా రక్తం అన్నాడు కాబట్టి డెర్మోస్కోప్ పెట్టి నిదానంగా చూశా, అనుమానం ఏం లేదు. అలవాటు కొద్దీ అడిగా, మధ్యాహ్నం ఎక్కడుంటావయ్యా అని. "యాడుంటా సార్, సేను కాడనే, పన్నెండు నెల్లూ" అన్నాడు. ఆమె పక్కనుంచి, "అయితే ఈయనకి సీజనే లేదు సార్" అని నవ్వింది. ఉంది. వీపు చొక్కా కింద ఉంటుంది, ఎండ గొడవ లేదు, అక్కడ ఉండేది చెమట, బరువు. కోసి కుట్లు వేయాలి, వీపు కుట్లు రెండు వారాలు ఉంచాలి, ఆ తర్వాత కూడా ఇంకో నెల ట్యాంకు ఎత్తకూడదు, లేకపోతే కుట్ల గీత వెడల్పుగా సాగిపోతుంది. మందు కొట్టడం ఎప్పుడు అయిపోతుంది అని అడిగితే కంది కోసినాక, సంక్రాంతి దాటినాక అన్నాడు. అప్పటిదాకా బెల్టు కింద గుడ్డ మడిచి పెట్టుకోమని, మళ్ళీ రక్తం వస్తే ఆగకుండా రమ్మని చెప్పి, జనవరి చివరి వారానికి డేట్ రాసిచ్చా.